గొంతు తీసేసిన పాటలు

ఈమధ్య యానాం వెళ్ళినప్పుడు అటక మీది పాత కీబోర్డు దింపించాను. అన్నయ్య కొడుకు నిచ్చెన వేసుకుని ఎక్కి, చుట్టిన దుప్పటితో సహా కిందికి అందించాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేస్తే మొదట ఏమీ లేదు. కాసేపటికి చిన్న తెర మీద నీలం వెలుగు వచ్చింది. ఇంకో రెండు నిమిషాలకి లోపల పేరుకున్న దుమ్ము వేడెక్కి ఒక వాసన మొదలైంది. చాలా రోజులు వాడని ఇస్త్రీపెట్టె వేడెక్కుతుంటే వస్తుంది చూడండి, అలాంటిది. ఆ వాసన తగలగానే పారిస్ శివారులో మెట్లు దిగి వెళ్ళే ఆ నేలమాళిగ, గోడలకి అంటించిన గుడ్ల అట్టలు, కాఫీ మరకల బల్ల, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

అంతకు వారం ముందే ఫోన్ వచ్చింది. మా అకార్డియన్ పెద్దాయన పోయారని వాళ్ళ మనవరాలు చెప్పింది. నిద్రలోనే పోయారట. ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు అచ్చులో చూసుకోవడం ఆయనకి ఇష్టముండేది కాదు. మేం చేసిన డిస్కుల మీద కూడా ఎక్కడా వేయించుకోలేదు.

ఆ నేలమాళిగలో మా పని కరోకే ట్రాకులు చేయడం. ఫ్రెంచిలో 'బాంద్ ఓర్కెస్త్ర్' అంటారు, అంటే వాద్యాలు మాత్రమే ఉన్న పాట. తెర మీద వచ్చే మాటలు చూస్తూ దానితోపాటు ఎవరైనా పాడుకోవచ్చు. అందులోనూ మా యజమానికి ఒక పిచ్చి ఉండేది. ప్రేమ పాటలు అందరూ చేస్తున్నారు, మనం నవ్వించే పాటలు చేద్దాం అనేవాడు. అలా ముప్ఫైల నుంచి డెబ్బైల దాకా వచ్చిన ఫ్రెంచి హాస్యపు పాటల్ని ఒక్కొక్కటీ విప్పి, గాయకుడి గొంతు పక్కనపెట్టి, మిగతాదంతా మళ్ళీ కట్టేవాళ్ళం. నేను కీబోర్డు. పెద్దాయన అకార్డియన్, మెళ్ళో వేసుకుని తిత్తి లాగుతూ వాయించేది. ఒక గిటారిస్టు వారానికి రెండు రోజులు వచ్చేవాడు.

గోదావరి ఒడ్డున పుట్టినవాడు అక్కడెలా తేలాడని చాలామంది అడిగారు. ఆ కథ తెప్పాజ్‌తో మొదలవుతుంది.

* * *

యానాం ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి 1954లో వచ్చేసింది. కాగితాల మీద పూర్తయింది మాత్రం 1962లో. అప్పుడు, కావాలనుకున్నవాళ్ళు ఫ్రెంచి పౌరులుగానే ఉండిపోవచ్చని ఆరు నెలల గడువిచ్చారు. మా నాన్నగారు ఉండిపోయారు. ఫ్రెంచి సైన్యంలో ఉద్యోగం. రెండు మూడేళ్ళకోసారి సెలవు మీద వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒక కొత్త వస్తువు దిగేది.

ఒకసారి ఒక చిన్న పెట్టె తెచ్చారు. చూడటానికి ప్రయాణాలకి తీసుకెళ్ళే సూట్‌కేసులా ఉంది. మూత తీస్తే రికార్డు ప్లేయరు. ఆ మూతలోనే స్పీకరు. లియోన్‌లో తయారైన తెప్పాజ్ అది. దాంతోపాటు నలభై అయిదు చుట్ల చిన్న రికార్డులు ఓ పది. వాటిలో ఒకదాని అట్ట మీద పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్న నల్లటి మనిషి బొమ్మ. ఆన్రీ సాల్వదోర్ అని నాన్నగారు చదివి చెప్పారు. అటు దక్షిణ అమెరికా ఉత్తర తీరాన ఉన్న ఫ్రెంచి గయానాలో, కయెన్ ఊళ్ళో పుట్టాడట. "మనలాగే ఫ్రాన్సుకి బయట పుట్టిన ఫ్రెంచివాడు" అన్నారు. ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది.

ఆ రికార్డులో ఒక పాటలో దుర్మార్గుడు ఒక అమ్మాయిని ఏవేవో కష్టాలు పెడుతుంటాడు. కథ మధ్యలో ఆపి "ఎతలోర్? ఎతలోర్?" అంటారు. అంటే "ఆ తర్వాత? ఆ తర్వాత?" అని. వెంటనే ముసుగు వీరుడు జొర్రో వచ్చేశాడని పల్లవి. 1964 నాటి పాట. అమెరికాలో కోస్టర్స్ అనే బృందం పాడినదానికి ఫ్రెంచి చేసుకున్నారని చాలా ఏళ్ళకి తెలిసింది. మాకప్పుడు అవేవీ తెలియవు. భాషే రాదు. కానీ ఆ "ఎతలోర్" మాత్రం వీధిలో పిల్లలందరికీ వచ్చేసింది. బుర్రకథలో వంతలు కథకుణ్ణి అడగరూ, అదే వరస. సాయంత్రం అరుగు మీద మామ్మ కథ చెబుతుంటే ఊ కొట్టడం మానేసి "ఎతలోర్" అనేవాళ్ళం. మామ్మ కూడా అలవాటు పడిపోయింది.

ఇక సాల్వదోర్ నవ్వు. పొట్టలోంచి మొదలై, గొంతులో దొర్లి, ఎక్కడో పైన విరిగేది. ఆ నవ్వు రాగానే మేమందరం నవ్వేవాళ్ళం. వంటింట్లోంచి అమ్మ కూడా నవ్వేది. సరిగ్గా అప్పుడే వీధి చివర పెళ్ళి పందిట్లో మైకు పెట్టి మాధవపెద్ది సత్యం, పిఠాపురం నాగేశ్వరరావు కలిసి పాడిన పేకాట పాట వేసేవారు, డబ్బులు పోయాయని ఏడుస్తూ నవ్వించేది. ఒక చెవిలో కయెన్, ఒక చెవిలో పిఠాపురం. నాకు రెండూ ఒక ఇంటి పాటల్లాగే ఉండేవి. ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

* * *

చదువు అంతంతమాత్రం. హార్మోనియం నుంచి కాసియోకి మారి ఆర్కెస్ట్రాలో చేరాను. వినాయక చవితి, దసరా, తీర్థాలు. అప్పటికి ఎదుర్లంక వంతెన లేదు. పంటు మీదే గోదావరి దాటాలి. కీబోర్డుని ఎరువుల బస్తా ప్లాస్టిక్‌లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. తెల్లవారుజామున ముమ్మిడివరం నుంచో అమలాపురం నుంచో తిరిగొస్తుంటే మంచులో పంటు ఇంజను చప్పుడొక్కటే వినిపించేది. ఆ చప్పుడుకి తాళం వేసుకుంటూ నిద్రపోయేవాణ్ణి.

నాన్నగారి కాగితాల వల్ల నాకూ ఫ్రెంచి పాస్‌పోర్టు వచ్చింది. పారిస్‌లో మొదట గార్ దు నోర్ స్టేషను వెనక, లా షపెల్ దగ్గర ఒక తమిళుల హోటల్లో గిన్నెలు కడిగాను. చుట్టూ అంతా పాండిచ్చేరివాళ్ళు, శ్రీలంకవాళ్ళు. సాయంత్రాలు అక్కడే ఒక చిన్న గుడి కార్యక్రమంలో వాయిస్తుంటే ఎవరో విని, కీబోర్డు వాయించేవాడు కావాలట అని ఈ స్టూడియో చిరునామా ఇచ్చారు.

మొదటిరోజు యజమాని నాకు ఏ నొటేషనూ ఇవ్వలేదు. ఒక పాట పెట్టి, అయిపోయాక వాయించమన్నాడు. ఆర్కెస్ట్రాలో పదేళ్ళు చేసిన పని అదే కదా. క్యాసెట్ విని, మర్నాడు రాత్రికి పందిట్లో అదే పాట బిట్లతో సహా దింపేయాలి. వాయించాను. మూలన కూర్చున్న పెద్దాయన తల ఊపి, "చెవులు ఉన్నాయి వీడికి" అన్నారు. ఆ రోజు నుంచి నన్ను 'పెతీ' అని పిలిచారు, అంటే చిన్నోడా అని. చివరిసారి ఫోనులో మాట్లాడినప్పుడు కూడా అలాగే పిలిచారు.

* * *

గొంతు తీసేయడం అంటే ఇప్పటివాళ్ళకి కంప్యూటర్లో ఒక బటన్ నొక్కడం. అప్పుడలా లేదు. పైగా అసలు రికార్డింగు ముట్టుకోవడానికి వీల్లేదు, అది కంపెనీ సొత్తు. పాట రాసినవాళ్ళకి, కట్టినవాళ్ళకి సాసెమ్ అనే సంఘం ద్వారా డబ్బు కట్టి, వాద్యాలన్నీ మనమే కొత్తగా వాయించుకోవాలి. ఆ సంఘం పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. 1847లో ఒక పాటల రచయిత పారిస్‌లో ఒక కెఫేలో కూర్చుంటే అక్కడ తన పాటే పాడుతున్నారట. నా పాటకి మీరు డబ్బివ్వనప్పుడు, నేను తాగినదానికి డబ్బెందుకివ్వాలి అని కోర్టుకెక్కాడు. గెలిచాడు. ఆ గొడవే పెరిగి 1851లో సాసెమ్ అయింది. పెద్దాయన ఈ కథ ప్రతి కొత్త కుర్రాడికీ చెప్పేవారు. చెప్పాక ఒక కాఫీ ఇప్పించేవారు.

ఒక్కో పాటకి నాలుగైదు రోజులు పట్టేది. వెనక్కి తిప్పడం, వినడం, రాసుకోవడం, మళ్ళీ వెనక్కి తిప్పడం. బేసు గిటారు ఎక్కడ ఆగింది? డ్రమ్స్ వాయించేవాడు బ్రష్షులు వాడాడా, కర్రలా? మామూలు పాటకైతే అంతే. హాస్యపు పాటకి అసలు చిక్కు తర్వాత మొదలయ్యేది. వాటిలో గాయకుడు పాడడంతో ఊరుకోడు. దగ్గుతాడు, మధ్యలో మాట్లాడతాడు, ఈల వేస్తాడు, నవ్వుతాడు. వీటిలో ఏది గొంతు? ఏది వాద్యం? దేన్ని తీసేయాలి, దేన్ని ఉంచాలి?

సాల్వదోర్ పాట చేస్తున్నప్పుడు ఈ విషయం మీద రెండు రోజులు వాదన జరిగింది. నవ్వు గాయకుడిదే కాబట్టి తీసేయాలని యజమాని పట్టు. నవ్వు లేకపోతే ఆ చోట నాలుగు తాళాలు ఊరికే పోతాయి, పాడేవాడు బిక్కమొహం వేస్తాడని గిటారిస్టు. పెద్దాయన రెండు రోజులూ ఏమీ అనలేదు. మూడో రోజు పొద్దున్నే వచ్చి, ఆ నాలుగు తాళాల్లో అకార్డియన్‌తో నవ్వారు. నిజంగానే చెబుతున్నాను. తిత్తిని వణికిస్తూ, కింది స్వరం నుంచి పైకి ఎగదోస్తూ, పైన విరగ్గొట్టి ఆపేశారు. అది విని పాడేవాడికి ఎక్కడ నవ్వాలో తెలుస్తుంది, అతని నవ్వుకి చోటూ మిగులుతుంది. "మనం పీట వేస్తాం, కూర్చునేది వాళ్ళు" అన్నారు. నేను విన్న అకార్డియన్ ముక్కల్లో దానంత గొప్పది ఇంకోటి లేదు. ఆ డిస్కు అట్ట మీద వాయించినవారి పేరు లేదు.

"ఎతలోర్" మాత్రం ట్రాకులోనే ఉంచాలని నేను అడిగాను. అది నేను అడిగిన మొదటి కోరిక. సరే అన్నారు. మైకు ముందు నిలబడి నేనూ గిటారిస్టూ కలిసి చెప్పాం. యానాం అరుగు మీద మామ్మకి చెప్పినట్టే చెప్పాను.

* * *

పాట అయ్యాక అక్షరాల పని. అదంతా పెద్దాయనా, నేనూ.

సీడీలో పాట పోగా మిగిలే ఇరుకు చోటులో అక్షరాల బొమ్మలు దాచే పద్ధతి అది. తెర మొత్తం అడ్డంగా 300 చుక్కలు, నిలువునా 216. రంగులు ఒకేసారి 16 మాత్రమే. ఆ తెరని చిన్నచిన్న గళ్ళుగా కోసేవారు, గడి వెడల్పు 6 చుక్కలు, ఎత్తు 12. ఫ్రెంచి అక్షరాల మీద గీతలు, టోపీలు, కింద తోకలు ఉంటాయి కదా, అవన్నీ ఆ గడుల్లో ఇమడాలి. మాకు దొరికిన అచ్చులో అవి సరిగా లేకపోతే ఒక్కో అక్షరాన్నీ గళ్ళ కాగితం మీద పెన్సిల్‌తో నింపి గీసుకున్నాం. ముగ్గు పెట్టినట్టే. చుక్కలు ముందు, గీత తర్వాత. మా అమ్మ చూసుంటే ముచ్చటపడేది.

తర్వాత ప్రతి పాటకీ సమయం కట్టాలి. పాట నడుస్తుంటే ఒక్కో మాత్ర దగ్గర స్పేస్ బార్ నొక్కాలి, ఆ మాత్ర రంగు మారుతుంది. ఇది పెద్దాయనే చేసేవారు. నేను నొక్కితే సరిగ్గా తాళం మీద పడేది. ఆయన నొక్కితే ఒక వెంట్రుకవాసి ముందు పడేది. మొదట్లో వయసు వల్ల అనుకున్నాను. అడిగితే, "తాళం మీద చూపిస్తే పాడేవాడు ఆలస్యమవుతాడు, ఊపిరి తీసుకోవద్దూ?" అన్నారు. అప్పుడు, మార్న్ నది ఒడ్డున పాత డాన్సు హోటళ్ళలో ఆయన ఆదివారాలు ఎలా వాయించేవారో అర్థమైంది. గాయకుడి భుజాలు లేవడం చూసి, ఆ ఊపిరితోపాటు తిత్తి తెరిచేవారట.

నాకు ఫ్రెంచి వచ్చింది ఆ బల్ల దగ్గరే. ఒక నోటుబుక్కులో పాటలన్నీ తెలుగు లిపిలో రాసుకునేవాణ్ణి. ముక్కుతో పలికే ఫ్రెంచి శబ్దాలకి ఏం రాయాలో తోచక తంటాలు పడుతుంటే, చిన్నప్పుడు మాస్టారు పద్యాల పుస్తకంలో చూపించిన అరసున్న గుర్తొచ్చింది. మనం ఎప్పుడో వదిలేసిన ఆ ముక్క అక్కడ నాకు అక్షరాలా అన్నం పెట్టింది. నినో ఫెర్రేర్ 1967లో పాడిన టెలిఫోను పాట ఉంది. మామూలుగా 'తెలెఫోన్', 'సొన్', 'పెర్సొన్' అనాలి. ఆయన చివరి నకారాన్ని మింగేసి 'తెలెఫోఁ', 'సోఁ', 'పెర్సోఁ' అని పాడతాడు. గస్తోఁ, ఫోను మోగుతోంది, తీసేవాడు ఒక్కడూ లేడు అని. పాటలోని నవ్వంతా ఆ మింగేయడంలోనే ఉంది. నా నోటుబుక్కులో అది అరసున్నగా కళ్ళకి కనిపించేసరికి ఒక్కణ్ణే పెద్దగా నవ్వాను. పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఆ అరసున్నని చాలాసేపు చూశారు. తన పేరులో కూడా ఒకటి ఉంటుందని చెప్తే, రాయించుకుని జేబులో పెట్టుకున్నారు.

పదాలు తెలియకుండా ఏదో ఒకటి గొణుగుతూ పాడేవాణ్ణి ఫ్రెంచివాళ్ళు 'పెరుగులో పాడుతున్నాడు' అంటారు. యావూర్త్ అంటే పెరుగే. నేను ఏ మాత్రం తడబడినా "పెరుగు, పెతీ, పెరుగు" అని బల్ల మీద తట్టేవారు. ఒక్క గాయకుడి దగ్గర మాత్రం నన్ను అలా అనే అవసరం రాలేదు. బోబీ లాప్వాఁత్. దక్షిణాన పెజెనాస్ ఊరివాడు. లెక్కలంటే ప్రాణం, తనకంటూ ఒక అంకెల పద్ధతినే కట్టుకున్నాడు. పాటల నిండా మాటల గారడీ. 'తా కతీ తా కితే' అని ఒక పాట. నీ ప్రియురాలు కతీ నిన్ను వదిలేసి వెళ్ళిపోయిందిరా అని గడియారం టిక్కుటిక్కుమంటూ చెబుతుంది. మొత్తం పాటంతా తకారం, కకారం తప్ప ఇంకేమీ లేనట్టుంటుంది. స్టూడియోకి వచ్చే ఇంగ్లీషు కుర్రాళ్ళ నాలుక అక్కడ మడతపడేది, వాళ్ళ టకారంలో గాలి ఎక్కువ. మన తకారం, కకారం అచ్చం ఫ్రెంచివే. పైగా చిన్నప్పుడు 'కాకీక కాకికి కాక కేకికా' అని గుక్క తిప్పుకోకుండా అన్న నోరు ఇది. మృదంగం తకిటలు విన్న చెవి. మొదటిసారే తప్పు లేకుండా పాడేశాను. పెద్దాయన లేచి నిలబడి నాకు చెయ్యి కలిపారు.

లాప్వాఁత్ గురించే ఇంకో సంగతి ఆయన చెప్పారు. 1960లో త్రుఫో తీసిన పియానోవాడి సినిమాలో లాప్వాఁత్ ఒక పాట పాడతాడు. మాటలు ఎవరికీ అర్థం కావడంలేదని నిర్మాత అంటే, త్రుఫో ఆ పాటకి ఫ్రెంచిలోనే కింద అక్షరాలు వేయించాడు. ఫ్రెంచి సినిమాలో, ఫ్రెంచి పాటకి, ఫ్రెంచి ప్రేక్షకుల కోసం. జపాన్‌లో కోబె ఊళ్ళో ఇనోవే దైసుకె కరోకే యంత్రం తయారుచేసింది 1971లో. ఆ యంత్రానికి తెర కూడా లేదు, పాట మాత్రమే వచ్చేది. ఇనోవే కూడా మాలాగే బార్లలో పాడేవాళ్ళకి వాయించి బతికినవాడే. పేటెంటు కూడా తీసుకోలేదు. అందుకని, తెర మీద అక్షరాలు చూస్తూ పాట వినడం మాత్రం మా లాప్వాఁత్‌తోనే మొదలైందని పెద్దాయన గట్టిగా నమ్మేవారు. నేనూ నమ్ముతాను.

* * *

టెలిఫోను పాటకి ముందు ఒక ఫోను గంట పెడదామన్నాడు యజమాని. పాడేవాడు సిద్ధం కావడానికి. మా కీబోర్డులో ఉండే 128 వాద్యాల పట్టీలో 125వది ఫోను గంటే. ఆ పట్టీ ఉంటే ఏ కంపెనీ కీబోర్డయినా అదే నంబరు, 124 పక్షి కూత, 127 చప్పట్లు. అది పెట్టి పాట పూర్తిచేశాను. పెద్దాయన విని మొహం చిట్లించారు. "ఇది ఏ దేశపు ఫోను?" అన్నారు.

మర్నాడు సంచిలో సొంత ఇంటి ఫోను పట్టుకొచ్చారు. బూడిదరంగు, వేలు పెట్టి తిప్పేది. 1963లో వచ్చిన రకం, ఫ్రాన్సులో ప్రతి ఇంట్లోనూ ఉండేదట. లైను కలిపి, నన్ను వీధి చివర బూత్ నుంచి చేయమన్నారు. చలిలో చిల్లర పట్టుకుని నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. ఆ గంట మోగుతుంటే ఆయన మైకు పక్కన నిలబడి, తీయకుండా, చేతులు కట్టుకుని వింటున్నారు. భార్య బతికున్న రోజుల్లో రాత్రి పూట డాన్సు అయిపోయాక వస్తున్నానని ఆ ఫోనుకే చేసేవారని తర్వాత ఎప్పుడో చెప్పారు. డిస్కు మీదికి ఆ గంటే వెళ్ళింది. నా 125వ నంబరు గంట ఫ్లాపీలో మిగిలిపోయింది.

1935 నాటి మార్కీస్ దొరసాని పాట కూడా ఫోను పాటే. రే వాఁత్యూరా బృందం పాడింది, కట్టింది పోల్ మిస్రాకీ. ఊరు విడిచి వెళ్ళిన దొరసాని ఇంటికి ఫోను చేసి ఏమిటి విశేషాలని అడుగుతుంది. అంతా బాగానే ఉందమ్మా, ఒక్క చిన్న సంగతి, తమరి బూడిదరంగు గుర్రం చచ్చిపోయింది అంటాడు నౌకరు. ఎలా అంటే, గుర్రపుసాల కాలినప్పుడు. అదెలా అంటే, కోట తగలబడినప్పుడు. అదెలా అంటే, దొరగారు దివాలా తీసి ప్రాణం తీసుకుంటూ కొవ్వొత్తులు పడగొట్టినప్పుడు. ప్రతిదాని ముందూ అంతా బాగానే ఉందమ్మా అనే పల్లవి. మా తాతయ్య ఇలాంటి కథే చెప్పేవాడు, పాలేరు పట్నం వచ్చి 'అంతా క్షేమమే దొరా, మన కుక్క పోయింది' అని మొదలుపెట్టేది. దొరసానికి ఎరుపు, నౌకర్లకి నీలం అక్షరాలు వేశాను. ఇద్దరు కలిసి పాడాలని. మొగుడూ పెళ్ళాలు దీన్ని ఎంత ఇష్టంగా పాడేవారో.

* * *

ఒక తప్పు నా చేతిమీదుగా జరిగింది. ఫెర్రేర్‌దే 1966 నాటి కార్నిషోఁ పాట. కుటుంబమంతా కారెక్కి వనభోజనానికి వెళ్తారు. పాట నిండా తీసుకెళ్ళిన సరుకుల పట్టీ. వెనిగర్‌లో ఊరేసిన బుల్లి దోసకాయలు, ఆవపిండి ముద్ద, రొట్టె, వెన్న, చిన్న ఉల్లిపాయలు, జాము, ఉడికించిన గుడ్లు. అన్నీ అమ్మే సర్దింది, ఏదీ మర్చిపోలేదు. తీరా అక్కడికి వెళ్తే వాన. మర్చిపోయింది గొడుగులు. ఇంటికొచ్చి తింటారు. న్యూ ఆర్లియన్స్‌కి చెందిన జేమ్స్ బుకర్ ఆర్గాన్ మీద వాయించిన ఒక ముక్కకి ఫెర్రేర్ మాటలు రాసుకున్నాడు. అంటే అది పుట్టడమే గొంతు లేని పాటగా పుట్టింది. ఆ ఆర్గాన్ వాయించడం నాకు పండగ.

గుడ్లు అనే ఫ్రెంచి మాటలో మొదటి రెండక్షరాలు అతుక్కుని ఒకే అక్షరంగా ఉంటాయి. ఆరు చుక్కల గడిలో అది పట్టలేదు. రేపు గీద్దామని ఖాళీ వదిలాను. మర్చిపోయాను. పెట్టెల కొద్దీ డిస్కులు వెళ్ళిపోయాక చూస్తే గుడ్ల చోట ఎవరికీ అర్థంకాని మూడక్షరాల తోక మాత్రమే తెర మీద వస్తోంది. రెండు రాత్రులు నిద్రలేదు, టెన్షన్‌తో జ్వరం వచ్చినట్టయింది. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. యజమాని ఏమీ అనకముందే పెద్దాయన, "ఆ పాట రానివాళ్ళు ఎవరు? చూడకుండానే పాడతారు" అన్నారు. నిజంగానే ఒక్క డిస్కూ తిరిగి రాలేదు. అయినా రెండో విడత కోసం ఆ రాత్రే ఆ అక్షరాన్ని రెండు గడుల్లో గీశాను. ఇప్పటికీ కళ్ళు మూసుకుని గీయగలను.

* * *

కొన్ని శనివారాలు స్టూడియో దగ్గరి వృద్ధాశ్రమానికి యంత్రం తీసుకెళ్ళేవాళ్ళం. కొత్త ట్రాకుల్ని అక్కడే పరీక్షించేవాళ్ళం. వాళ్ళు శ్రుతి ఎక్కువైతే మొహం మీదే చెప్పేవారు. రొట్టెల వాసన, లావెండర్ సబ్బు వాసన, చక్రాల కుర్చీల కిర్రు. మైకు చేతికిస్తే ఒకావిడ రెండు చేతులతో పట్టుకుని అనీ కోర్డీ 1974లో పాడిన ఫాదిరీగారి పనిమనిషి పాట మొత్తం పాడేది, చీర కుచ్చిళ్ళు ఎత్తినట్టు గౌను అంచు ఎత్తి ఊపుతూ. సాల్వదోర్ పాట వచ్చినప్పుడు ఆ నాలుగు తాళాల దగ్గర అకార్డియన్ నవ్వగానే హాలంతా నవ్వేది. ఒక్కొక్కరిదీ ఒక్కో నవ్వు. పెద్దాయన వెనక వరసలో నిలబడి తల వంచుకుని వినేవారు.

ఆ స్టూడియో మూతపడి చాలా కాలమైంది. డిస్కుల గిరాకీ తగ్గింది, అంతే. యజమాని అద్దె కట్టలేక వదిలేశాడు. ఇప్పుడు ఫోనులోనే ఏ పాటకైనా గొంతు తీసేయొచ్చు. అసలు రికార్డింగు లోంచే తీసేస్తుంది. నేనూ చేసి చూశాను. సాల్వదోర్ నవ్వు దగ్గర తుడిచేసినట్టు శుభ్రంగా ఉంది. అక్కడ పీట వేసినవాళ్ళెవరూ లేరు.

* * *

కీబోర్డు వేడెక్కాక డబ్బాలోంచి ఫ్లాపీలు తీశాను. మొదటి మూడూ చదవలేదు. నాలుగోదాని మీద పెద్దాయన చేతిరాతలో పాట పేరు, కింద వంకరగా ఒక అరసున్న. తోశాను. గరగరమని శబ్దం చేసి తీసుకుంది.

ముందు ఫోను గంట వచ్చింది. నా పాత 125వ నంబరు. తర్వాత చిన్న తెర మీద అక్షరాలు ఒక్కో మాత్రా వెలగడం మొదలైంది. తాళం కంటే వెంట్రుకవాసి ముందు. ఆ వేలు ఎవరిదో నాకు తెలుసు. ఊపిరి తీసుకున్నాను కానీ గొంతు రాలేదు. పాట తన దారిన తను నడుస్తోంది.

చివరికి వచ్చింది. మళ్ళీ మొదటికి వెళ్ళి గంట మోగింది. ఆపలేదు. వంటింట్లోంచి వదిన గట్టిగా పిలిచింది.

"ఏవండీ, ఆ ఫోను ఇందాకటి నుంచి మోగుతోంది. ఇంట్లో ఇంతమంది ఉండి ఒక్కరూ తీయరేంటి?"